శిక్ష రెండోసారి వేశాక అప్పీలు ఎలా వేయాలి: ఫ్యాక్షన్ కేసుల్లో ఇంట్లోవాళ్ల కోసం

కడప సెంట్రల్ జైల్లో ములాఖత్ ముగించుకొని ఒకావిడ నేరుగా మా ఆఫీసుకొచ్చింది. చేతిలో పాలిథీన్ కవరు, కవర్లో రెండు తీర్పులు. ఒకటి హైకోర్టుది, ఒకటి సెషన్స్ కోర్టుది. కొడుకు ఎ7, అంటే ఏడో ముద్దాయి. ఎనిమిదేళ్ల కిందట ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకున్న కేసు. హైకోర్టు నేరం రుజువైందన్న మాట ఖాయం చేసింది. శిక్ష మాత్రం కొట్టేసి, "శిక్ష మీద ఒక్కొక్కరి మాట వినకుండానే వేశారు, మళ్లీ వినండి" అని కింది కోర్టుకు పంపింది. కింది కోర్టు మళ్లీ విన్నది. అందరికీ కలిపి ఒకే పేరాలో అదే పదేళ్లు మళ్లీ వేసింది.

"మా వోడు కట్టె పట్టుకోని నిలబడినాడు సార్, అంతే. బాంబులు ఏసినోళ్లు వేరే. ఇంగ అయిపోయినట్టేనా?"

అయిపోలేదు. రెండోసారి వేసిన శిక్ష మీద కూడా అప్పీలు ఉంటుంది. కాకపోతే మొదటి అప్పీలు నడిపినట్టు దీన్ని నడిపితే గెలవరు. ఆమెకు ఆ పూట చెప్పిందే మీకూ వరసగా చెబుతాను. కర్నూలైనా అనంతపురమైనా కడపైనా దారి ఒకటే.

ముందు తేదీ చూసుకోండి

సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టుకు వెళ్లడానికి గడువు 60 రోజులు. మెజిస్ట్రేటు కోర్టు శిక్ష అయితే సెషన్స్ కోర్టుకు 30 రోజులే. ఉరిశిక్ష పడితే హైకోర్టుకైనా 30 రోజులే. ఈ లెక్క రెండోసారి శిక్ష వేసిన తేదీ నుంచి మొదలవుతుంది. పాత తీర్పు తేదీ చూసి "గడువు ఎప్పుడో దాటిపోయింది" అని చెప్పేవాళ్లు ఎదురవుతారు. నమ్మొద్దు.

శిక్ష పడిన రోజే తీర్పు నకలు ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. నేర విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో అది 363వ సెక్షన్, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 404. ఆ నకలు మీవాడితో పాటు జైలుకు పోతుంది కాబట్టి తర్వాతి ములాఖత్‌లో అడిగి తెచ్చుకోండి. చేతికి రాకపోతే కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో అప్లికేషన్ పెట్టండి. కాపీ వెనక వరసగా తేదీలుంటాయి: అప్లికేషన్ పెట్టినది, స్టాంపులు అడిగినది, కట్టినది, కాపీ సిద్ధమైనది, ఇచ్చినది. కాపీ తయారీకి పట్టిన రోజులను ఆ 60 రోజుల లెక్కలో కలపరు. అప్లికేషన్ ఆలస్యంగా పెట్టినా, స్టాంపులు కట్టమని బోర్డు మీద రాశాక మీరు నెల తర్వాత వెళ్లి కట్టినా ఆ జాప్యం మీ ఖాతాలోకే పోతుంది. ఒక గుమాస్తా కాపీ తన బీరువాలో పెట్టుకొని ఊరికి పోయినందుకు మాఫీ పిటిషన్ వేయాల్సి వచ్చిన కేసు నాకు తెలుసు. ఆలస్యాన్ని లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద కోర్టు మాఫీ చేయొచ్చు. మాఫీ అనేది కోర్టు దయ. గడువులో వస్తే అది మీ హక్కు.

హైకోర్టులో ఇప్పుడు ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పి.డబ్ల్యు.1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, అబద్ధం చెప్పాడని, పంచనామా మధ్యవర్తులు పోలీసుల మనుషులని, సాక్షులంతా అవతలి వర్గంవాళ్లేనని మళ్లీ మొదలుపెడతారు. నేరం రుజువైందని హైకోర్టే ఒకసారి చెప్పేసింది. ఈ అప్పీల్లో ఆ తలుపు తట్టి లాభం లేదు. దాని మీదే పోరాడాలంటే ఆ పాత హైకోర్టు తీర్పు మీద రాజ్యాంగం 136వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు వెళ్లాలి. దానికి గడువు వేరు, 90 రోజులు. అది దాటిందో లేదో వకీలును ఈ రోజే అడగండి. రెండు దారులూ కలిపేస్తే రెండూ పోతాయి.

ఇక్కడ అడగాల్సింది శిక్ష గురించే. నేరం రుజువయ్యాక శిక్ష మీద ముద్దాయి మాట వినాలని పాత సీఆర్‌పీసీ 235వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ చెప్పేది, ఇప్పుడు 258. ఇది మొక్కుబడి వ్యవహారం కాదని, ముద్దాయి తన పరిస్థితికి ఆధారాలు చూపుకునే అవకాశమని సుప్రీంకోర్టు 1976లో సంతాసింగ్ కేసులో చెప్పి, కేసును శిక్ష కోసం వెనక్కి పంపింది. 1989లో అల్లావుద్దీన్ మియాఁ కేసులో, మామూలుగా నేరనిర్ధారణ చేసిన రోజే కాకుండా వాయిదా వేసి శిక్ష వినాలని చెప్పింది. కాబట్టి సెషన్స్ కోర్టు తీర్పులో చివరి రెండు మూడు పేజీలు తీసి మళ్లీ మళ్లీ చదవండి. ఇంగ్లిషు రాకపోతే ఇంటర్ చదివే పిల్లల చేత చదివించుకోండి. ఇలా ఉంటుంది: శిక్ష గురించి అడగగా, తనకు ముసలి తల్లిదండ్రులున్నారని, తానే పోషిస్తానని, దయ చూపమని ముద్దాయి కోరాడు. ఇంతే. ఎ1 నుంచి ఎ9 దాకా అదే వాక్యం, పేర్లు మాత్రం మారతాయి. మీవాడి పేరాలో మీవాడికి మాత్రమే చెందే మాట ఒక్కటీ లేకపోతే, అదే మీ మొదటి పాయింటు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. హత్య కేసులో పాత శిక్షాస్మృతి ఐపీసీ 302, దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్ 103 కింద నేరం ఖాయమై ఉంటే యావజ్జీవం కన్నా తక్కువ శిక్ష చట్టంలోనే లేదు. "కొంచెం తగ్గించండి" అని బతిమాలినా ఏ కోర్టూ తగ్గించలేదు. ఉరి నుంచి యావజ్జీవానికి తేవడం, లేదా మిగతా సెక్షన్ల శిక్షలు ఎలా కలిసి నడవాలన్నది, అంత వరకే ఆశ. శిక్ష ఎంతన్నది నిజంగా తేలేది పాత 304 (హత్య కిందికి రాని నరహత్య), 307 (హత్యాయత్నం), 326 (ఆయుధంతో తీవ్రగాయం), పేలుడు పదార్థాల చట్టం లాంటి సెక్షన్లలో. అక్కడ ఎంత వేయాలన్నది చాలావరకు జడ్జి చేతిలో ఉంటుంది.

మీ వకీలు ఎవరి వకీలు?

ఇది రాయడానికే ఈ పని పెట్టుకున్నాను. మన జిల్లాల్లో ఫ్యాక్షన్ కేసు అంటే పదకొండు మంది ముద్దాయిలు, ఒక వకీలు, ఆయన ఫీజు కట్టేది నాయకుడు. విచారణ దాకా అది నడుస్తుంది, ఎందుకంటే అందరి మాటా ఒకటే: "మేం అక్కడ లేం." శిక్ష దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. ఎ7కు మేలు చేసే మాట "బాంబు వేసింది నేను కాదు, కట్టె పట్టుకొని వెనక నిలబడ్డాను, నాకు ఇరవై ఒక్కేళ్లు, నాయకుడు పిలిస్తే వెళ్లాను" అన్నది. ఆ మాట ఎ1 మెడకు చుట్టుకుంటుంది. ఎ1 డబ్బుతో వచ్చిన వకీలు ఆ మాట అనడు, అనలేడు కూడా. అందుకే అందరికీ ఒకే పేరా, అందరికీ ఒకే పదేళ్లు.

చట్టవిరుద్ధ సమూహంలో ఉంటే అందరూ నేరస్తులే అని 149వ సెక్షన్ చెబుతుంది, ఇప్పుడది 190. అందరికీ ఒకే శిక్ష వేయాలని మాత్రం అది చెప్పదు. ఈ తేడాను పట్టుకోవాలంటే మీవాడికి వేరే వకాల్తా కావాలి. నాయకుడికి కోపం వస్తుందని భయపడతారు. నాకు తెలుసు. ఊళ్లో ఉండాల్సింది మీరు. అందుకే ఒక మర్యాదైన దారి చెబుతాను: లీగల్ ఎయిడ్ కింద వకీలును పెట్టించుకోండి. "కోర్టే ఇచ్చింది" అంటే అడిగేవాడు ఉండడు.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, లేదా 15100కు ఫోన్ చేయండి. జైలు నుంచే వేయాలంటే మీవాడు పిటిషన్ రాసి సూపరింటెండెంటుకు ఇస్తే ఆయన కోర్టుకు పంపాలి. దాన్నే జైలు అప్పీలు అంటారు. హైకోర్టులో వకీలును అక్కడి లీగల్ సర్వీసెస్ కమిటీ నియమిస్తుంది. ఉచిత వకీలంటే తక్కువ వకీలని మనవాళ్లలో ఒక చిన్నచూపు ఉంది. నాయకుడి వకీలు మీవాడి కోసం నోరెత్తకపోవడం కన్నా అది మేలు.

పైరవీకారుల గురించి ఒక్క మాట. "జడ్జిగారి దగ్గర మనోడున్నాడు" అంటూ వచ్చేవాడికి ఎకరం అమ్మి ఇవ్వకండి. అలాంటి మనోడు ఎక్కడా ఉండడు.

లెక్కలు వేసుకోండి

ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి మూడు వరసలు రాయండి: ఏ సెక్షన్‌కు ఎంత శిక్ష, అవి కలిసి నడుస్తాయా ఒకదాని తర్వాత ఒకటా, ఇప్పటికి జైల్లో ఎన్ని రోజులు గడిచాయి. రిమాండులో గడిపిన రోజులను శిక్షలో తగ్గించాలని పాత సీఆర్‌పీసీ 428, కొత్త 468 చెబుతాయి. మొదటి శిక్ష కింద గడిపిన కాలం కూడా లెక్కకు రావాలి. కొత్త తీర్పులో ఆ మాట రాశారా లేదా చూడండి. జైలు నుంచి నామినల్ రోల్, అంటే ఖైదీ వివరాల పట్టిక, తెప్పిస్తే రోజులతో సహా లెక్క దొరుకుతుంది.

"కలిసి నడుస్తాయి" అని తీర్పులో రాయకపోతే మామూలుగా ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. ఒక్క పదం మరిచిపోతే మూడేళ్లు పెరుగుతాయి. ఇద్దరు ముగ్గురు చనిపోయిన కేసుల్లో యావజ్జీవం మీద యావజ్జీవం వరసగా వేయకూడదని 2016లో ముత్తురామలింగం కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. "చచ్చేదాకా రెమిషన్ (శిక్షా కాలంలో తగ్గింపు) లేకుండా" లేదా "ముప్పై ఏళ్లు వదలకుండా" అని సెషన్స్ కోర్టు రాస్తే అదీ చెల్లదు. ఆ అధికారం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకే ఉందని 2015లో శ్రీహరన్ కేసు చెప్పింది. ఇక పద్నాలుగేళ్లకు యావజ్జీవం అయిపోతుందన్నది ఊరి మాట. యావజ్జీవం అంటే బతికినంత కాలం. హత్య లాంటి కేసుల్లో పద్నాలుగేళ్లు పూర్తయ్యాకే విడుదలను ప్రభుత్వం పరిశీలించొచ్చు, పరిశీలించి తీరాలని మాత్రం లేదు.

ఇంకో లెక్క చాలామందికి తట్టదు. బీఎన్‌ఎస్ 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. మారణాయుధాలతో అల్లరికి పాత ఐపీసీ 148 కింద గరిష్ఠ శిక్ష మూడేళ్లు. కొత్త చట్టంలో 191 కింద ఐదేళ్లు. గొడవ అంతకు ముందు జరిగి, శిక్ష మాత్రం ఇప్పుడు రెండోసారి వేస్తే, కొత్త చట్టం శిక్ష వేయడానికి వీల్లేదు. నేరం జరిగిన రోజున ఉన్న శిక్ష కన్నా ఎక్కువ వేయకూడదని రాజ్యాంగం 20వ అధికరణే చెబుతోంది. పాత ఎఫ్‌ఐఆర్ తేదీని, కొత్త తీర్పులో రాసిన సెక్షన్‌ను పక్కపక్కన పెట్టి చూడండి.

గొడవ రోజున మీవాడి వయసెంత? మన దగ్గర కట్టెలు మోసింది, సంచులు మోసింది ఎక్కువగా చదువు మానేసిన పిల్లలే. ఆ రోజుకు పద్దెనిమిది నిండకపోతే, శిక్ష పడ్డాక కూడా, ఏ కోర్టులోనైనా ఆ మాట ఎత్తొచ్చని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. పదో తరగతి మెమో లేదా స్కూలు సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ జనన ధ్రువపత్రం. ఆధార్‌లో సంవత్సరం మాత్రం వేసి జనవరి 1 అని పెట్టి ఉంటే దాని మీద ఆధారపడకండి. స్కూలుకు వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్ నకలు అడగండి.

మనిషి గురించి కాగితాలు

"ముసలి తల్లిదండ్రులు" అన్న మాట అందరూ చెప్పేదే, అందుకే అది ఎవరికీ పనిచేయదు. తల్లి డయాలసిస్‌కు వారానికి ఎన్నిసార్లు వెళ్తుందో ఆస్పత్రి చీటీలు పెడితే పనిచేస్తుంది. జైలు నుంచి ప్రవర్తన సర్టిఫికెట్ అడగండి. జైల్లో ఏ పని చేస్తున్నాడో, ఓపెన్ స్కూల్ పరీక్ష రాశాడో, పెరోల్ మీద వచ్చి టైముకు తిరిగి వెళ్లాడో రాయించండి. పెరోల్ మీద వచ్చి గొడవ లేకుండా తిరిగి వెళ్లడం ఫ్యాక్షన్ కేసులో చాలా పెద్ద మాట. మనిషిని వదిలితే ఊళ్లో మళ్లీ మంట లేస్తుందన్న భయానికి అదే జవాబు. ఉరిశిక్ష కేసుల్లో జైలు ప్రవర్తన, మానసిక స్థితి గురించి నివేదికలు తెప్పించాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మామూలు కేసుల్లో అది తప్పనిసరి కాదు. మీరే తెచ్చి దాఖలు చేస్తామంటే వద్దనేవాళ్లూ లేరు.

డాక్టరు ఇచ్చిన గాయాల సర్టిఫికెట్‌నూ సాక్షుల వాంగ్మూలాల్లో మీవాడి చేతిలో ఏముందని చెప్పారో దాన్నీ కలిపి చూడండి. అందరూ కట్టె అన్నారు, చనిపోయినాయన ఒంటి మీద ఉన్నవన్నీ కొడవలి గాయాలే అయితే, ఆ ఒక్క పేజీని జెరాక్స్ తీసి పైన పెట్టండి. నేరం లేదనడానికి కాదు, పాత్ర చిన్నదనడానికి.

ప్రాసిక్యూషన్ వాళ్లు రౌడీషీటు, బైండోవర్ కాగితాలు చూపిస్తారు. అవి శిక్షలు కావు. పోలీసుల అనుమానాలకు, ముందుజాగ్రత్తలకు అవి రికార్డులు మాత్రమే. వేరే ఏ కేసులోనూ శిక్ష పడలేదని, కొట్టేసిన కేసుల తీర్పు నకళ్లతో సహా పెట్టండి.

రాజీ సంగతి. శిక్ష పడ్డాక రెండు వర్గాలు పెద్దమనుషుల ముందు కూర్చొని రాజీ పడటం మన దగ్గర మామూలే. హత్య, హత్యాయత్నం కేసులను రాజీతో కొట్టేయించుకోలేరు. అయితే శాంతి కుదిరిందన్న విషయాన్ని శిక్ష తగ్గించే కారణాల్లో ఒకటిగా కోర్టు చూడొచ్చు. ఆ అఫిడవిట్ అవతలి కుటుంబం తమంతట తాము ఇవ్వాలి. బెదిరించో, వడ్డీ అప్పు మీద ఒత్తిడి పెట్టో తెస్తే ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. బెయిల్‌తో పాటు అప్పీలు కూడా నాశనమవుతుంది.

దాఖలు, బెయిలు

మన హైకోర్టు 2019 జనవరి 1న విడిగా ఏర్పడింది, ఇప్పుడు అమరావతిలో, నేలపాడులో ఉంది. కర్నూలులో బెంచ్ పెట్టాలని 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. హైకోర్టో రాజధానో సీమకు ఇవ్వాలన్న శ్రీబాగ్ ఒప్పందం 1937 నాటిది, మన సీమవాళ్లకు ఓపిక ఎక్కువ. దాఖలు పని అక్కడి వకీలు చూసుకుంటాడు. ప్రతి వాయిదాకూ మీరు రాత్రి బస్సెక్కి విజయవాడ పోయి రావాల్సిన పని లేదు. కేసు నంబరు లేదా 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు రాసుకుంటే ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా ఎప్పుడో మీరే చూసుకోవచ్చు.

అప్పీలుతో పాటే శిక్ష నిలిపివేత పిటిషన్ వేయించండి. పాత సీఆర్‌పీసీ 389, కొత్త 430. పదేళ్లు, ఆపైన శిక్ష వేయదగిన నేరాల్లో పబ్లిక్ ప్రాసిక్యూటరుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చాకే కోర్టు వింటుంది. కాబట్టి వెంటనే రాకపోతే కంగారు పడొద్దు. కాలపరిమితి ఉన్న శిక్షల్లో, అప్పీలు త్వరగా వినే వీలు లేకపోతే నిలిపివేతను ఉదారంగా చూడాలని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. లేకపోతే అప్పీలు విచారణకు వచ్చేసరికి శిక్షే అయిపోతుంది. యావజ్జీవ ఖైదీల విషయంలో, శిక్ష పడ్డాక ఐదేళ్లు గడిపితే బెయిలు అడగొచ్చని 2016లో అప్పటి ఉమ్మడి హైకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వాటిలో కొన్ని రకాల నేరాలకు మినహాయింపులున్నాయి. మీ కేసు అందులో ఉందో లేదో వకీలు చూడాలి.

జామీనుదారులను ముందే చూసి పెట్టుకోండి. పొలం పాస్‌బుక్, ఆధార్, ఫొటోలు సిద్ధంగా ఉంచండి. వర్గం బయటివాళ్లయితే మేలు. ఊళ్లోకి రాకూడదని, స్టేషన్‌లో సంతకం పెట్టాలని షరతు పడే అవకాశం ఎక్కువ. ప్రొద్దుటూరులో మేనమామ ఇల్లుందో, బళ్లారిలో పని దొరుకుతుందో ముందే చెప్పగలిగితే కోర్టుకు నమ్మకం కలుగుతుంది.

అప్పీలు వేస్తే శిక్ష పెరుగుతుందేమోనని అందరూ అడుగుతారు. మీరు వేసిన అప్పీల్లో శిక్ష పెంచే అధికారం అప్పీలు కోర్టుకు లేదు. పెంచాలంటే ప్రభుత్వం పాత సీఆర్‌పీసీ 377, అంటే ఇప్పటి 418 కింద వేరే అప్పీలు వేయాలి. అప్పుడు కూడా మీకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. శిక్ష చాలలేదని బాధితుల కుటుంబం అప్పీలు వేయడానికి మాత్రం వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ప్రభుత్వం వేసిందా లేదా అన్నది మాత్రం కనుక్కుంటూ ఉండండి.

శిక్ష తగ్గితే పని అయిపోయిందనుకోకండి. హైకోర్టు ఆర్డరు సెషన్స్ కోర్టుకు చేరాలి, అక్కడి నుంచి కొత్త వారెంటు జైలుకు పోవాలి, జైల్లో విడుదల తేదీ కొత్తగా లెక్కగట్టాలి. ఈ మూడింట్లో ఏదో ఒకచోట కాగితం వారాల తరబడి ఆగుతుంది. ఆర్డరు కాపీ తీసుకొని మీరే జైలు ఆఫీసుకు వెళ్లి, రిమాండు రోజులు, రెమిషన్ రోజులు కలిపి కొత్త తేదీ ఎప్పుడొస్తుందో అడగండి. ఆ ఎ7 తల్లికి ఆ తేదీ చెప్పినప్పుడు, ఆమె కవర్లోంచి పెన్ను తీసి హైకోర్టు తీర్పు అట్ట మీదే రాసుకుంది.